గంప దించిన చోటు

బుల్లమ్మ ఆటో దిగేది రోడ్డుకి ఎడమ పక్కన. ఆమె దగ్గర చేపలు కొనేవాళ్లుండేది కుడి పక్కన. మధ్యలో మహా అయితే అరవై అడుగులు. ఇరవై రెండేళ్లలో ఆ అరవై అడుగుల గురించి ఆమె ఒక్కనాడూ ఆలోచించలేదు. దారి ఉంది, కాళ్లున్నాయి, దాటింది. అంతే.

ఆమె మొదటిసారి నెత్తిన గంపతో వచ్చిననాటికి సూర్యనగర్ కాలనీ అంటే వరిచేల మధ్య పదకొండు ఇళ్లు. శ్రీకాకుళం నుంచి సముద్రం వైపు పోయే ఆ రోడ్డు మీద ఎదురుగా బస్సొస్తే సైకిలువాడు దిగి పక్కన నిలబడాల్సిందే. తర్వాత ఊరికి ఒళ్లొచ్చింది. చేలు ప్లాట్లయ్యాయి, ప్లాట్లు మేడలయ్యాయి, మేడల ముందు కార్లు మొలిచాయి. మొదటి కారు కోసం అరుగులు కొట్టేశారు, రెండో కారు కోసం మల్లెపందిళ్లు పీకేశారు. అలాగని ఆ కాలనీ వాళ్లు నడక మరిచిపోయారనుకోకండి. డాక్టరు నడవమన్నాడని తెల్లారగట్ల కారెక్కి నాగావళి ఒడ్డుకి పోయి, అక్కడ మూడు చుట్లు నడిచి, మళ్లీ కారెక్కి ఇంటికొస్తారు. నడకకి కూడా కారు కావలసిన రోజులివి.

రోడ్డు నాలుగు వరసలైంది, మధ్యలో డివైడర్ లేచింది. అయినా కాలనీ మొదటి వీధికి ఎదురుగా ఒక ఖాళీ వదిలారు. బడిపిల్లలు, పాలవాళ్లు, పనిమనుషులు, అప్పుడప్పుడూ దారి తప్పిన గేదెలు, రోజూ ఎనిమిది గంటలకి బుల్లమ్మ, అందరూ అందులోంచే దాటేవారు. ఉగాది వెళ్లిన వారానికి ఒక సోమవారం ఆటో దిగి చూసేసరికి ఆ ఖాళీ లేదు. సిమెంటు దిమ్మలు పేర్చి, వాటి మీద గుండెలెత్తు ఇనపకమ్మీలు బిగించి, పసుపూ నలుపూ రంగులు పూసేశారు. పక్కన కాగితంపూల మొక్కలు నాటి, ట్యాంకరుతో నీళ్లు కూడా పోస్తున్నారు. మనిషి దారి మూసేసి మొక్కకి మర్యాద చేశారన్నమాట.

బుల్లమ్మ కమ్మీ పట్టుకుని కాసేపు నిలబడింది. రోజూ కవళ్ల చేపలు కొనే టీచరుగారి గేటు అదిగో, చెయ్యి చాపితే అందేటట్టుంది. వెళ్లడానికి లేదు.

బళ్లు తిరిగే చోటు కిలోమీటరుంబావు అవతల పెట్టారు. పదిమందితో వచ్చే షేరాటో ఆమె ఒక్కదాని కోసం చుట్టూ తిరగదు, అక్కడ ఆపనివ్వరు కూడా. కార్లో కూర్చున్నవాడికి అది రెండు నిమిషాల పని, ఏసీ కూడా చల్లబడదు. బుల్లమ్మ నెత్తి మీద చేపలూ ఐసూ కత్తిపీటా కలిపి ముప్ఫై కేజీలుంటాయి. పోను కిలోమీటరుంబావు, రాను కిలోమీటరుంబావు. కాలిబాట ఉన్నచోట కార్లు నిలబెట్టుకున్నారు, లేనిచోట మురికికాలవ పలకలు విరిగి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఈ దూరాలు కొలిచిన మహానుభావుడెవరో గానీ, బండి దిగకుండానే కొలిచి ఉంటాడు.

వారం రోజులు బుల్లమ్మ ఆ చుట్టూ తిరిగి వచ్చింది. ఎనిమిదింటికి రావలసిన మనిషి తొమ్మిదింటికి చేరేది. ఐసు కరిగి మెడ మీదుగా కారేది. అప్పటికి కాలనీలో పొయ్యి మీద కూర ఉడుకుతుండేది. ఏమీ అనుకోవద్దు బుల్లమ్మా, ఆయన బైపాస్ దగ్గర తెచ్చేశారు అని ఒక్కొక్కరే సర్దిచెప్పేవారు. బైపాస్ దగ్గర కొత్తగా అద్దాల చేపల కొట్టు పెట్టారు. అక్కడ కారు దిగనక్కర్లేదు, చేప శుభ్రం చేసి కిటికీలోంచి అందిస్తారు. బుల్లమ్మ గంపలో సగం చేపలు వచ్చిన దారినే సముద్రం ఒడ్డు పల్లెకి తిరిగి వెళ్లేవి. వాటికి ఉప్పు రాసి ఎండబెట్టేది. పచ్చిచేపలకి ఊరంతా చూపించి తీసుకొచ్చి ఎండుచేపలు చేసుకున్నట్టయింది ఆమె పని.

మొగుడు దాలయ్యకి నడుం పట్టేసి రెండేళ్లుగా వేటకి పోవడం లేదు. ఇంటిముందు కూర్చుని వలలు బాగుచేస్తాడు. ఒక సాయంత్రం అతను వల మీంచి తలెత్తకుండానే అన్నాడు.

"ఒసే, బైపాసోడి బండి మన పల్లెకే వస్తాది గదా. గంపంతా ఆడికెత్తీసి ఇంటికాడ కూకో. ఎండలో ఏటే నీకీ తిరుగుడు?"

"ఆడికెత్తేస్తే సేపలెల్తాయి మావా. మరి నానెక్కడికెల్తాను?"

 దాలయ్య అన్నదాంట్లో తప్పేమీ లేదు, బుల్లమ్మకి అది తెలుసు. కానీ ఏ ఇంట్లో బాలింత ఉందో, ఎవరికి పాలు పడడానికి పాలసొర చేప పట్టుకెళ్లాలో, ఏ ముసలాయనకి ముల్లు లేని చేప ఏరి ఇవ్వాలో బైపాస్ కొట్టువాడికి తెలుస్తుందా? ఇరవై రెండేళ్లు నడిచి సంపాదించుకున్న వీధులవి. ఎవరో వచ్చి నాలుగు దిమ్మలు పేర్చినంత మాత్రాన వదులుకోవాలంటే ఆమెకి ఒళ్లు మండింది.

బళ్లు తిరిగే చోట గొడుగు కింద ట్రాఫిక్ కానిస్టేబుల్ గంగరాజు ఉంటాడు. అతనిదీ సముద్రం ఒడ్డు పల్లే. ఎందుకు మూశారని అడిగింది. ఆ ఖాళీలోంచి కారు తిప్పుతూ ఎవరో స్కూటరువాణ్ణి గుద్దారనీ, కాలు విరిగిందనీ, కాలనీ సంఘం ప్రెసిడెంటుగారు పైకి ఉత్తరం రాశారనీ చెప్పాడు. తిరిగింది కారైతే నడిచేవాళ్ల దారి మూయడమేమిటని బుల్లమ్మ నిలదీసింది. గంగరాజు నవ్వేశాడు. మూయించిన చెయ్యే తెరిపించాలి, సీతారామారావుగారిని అడుగు అన్నాడు.

సీతారామారావు చెడ్డవాడైతే నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. చెడ్డవాడు కాదు. ఊళ్లో టైల్స్ షాపుంది, వైశ్యులు, ఇంట్లో కోడిగుడ్డు కూడా రానివ్వరు. బుల్లమ్మ గంప పల్లెలోనే వదిలేసి, మధ్యాహ్నం స్నానం చేసి మరీ ఆ గేటు దగ్గరికి వెళ్లింది. ఆయన ఓపిగ్గానే విన్నాడు. ఇదంతా ప్రజల క్షేమం కోసమేనన్నాడు. పైనుంచి వంతెన వస్తుందన్నాడు. ఎప్పుడని అడిగితే నిధులు రావాలన్నాడు. అంతవరకూ నువ్వు కూడా విడిగా ఒక ఆటో మాట్లాడుకోరాదా అని సలహా ఇచ్చాడు. ఉచిత సలహాకి మన ఊళ్లో ఎప్పుడు కరువొచ్చింది గనక.

ఆయన లోపలికి వెళ్లాక, వరండాలో కూర్చున్న తల్లి మహాలక్ష్మమ్మ లేచి గేటు దాకా వచ్చింది. డెబ్బై అయిదేళ్ల మనిషి. ఆ ఇంటికి బుల్లమ్మ ఒక్క చేప అమ్మింది లేదు, అయినా రోజూ గేటుకి అటొకరు ఇటొకరు నిలబడి రెండు మాటలు చెప్పుకోకుండా పోయింది లేదు. రోడ్డుకి అటు పక్క మేడలో మహాలక్ష్మమ్మ చెల్లెలుంది. మొన్నటిదాకా సాయంత్రం అయితే చాలు, అక్క నడుచుకుంటూ వెళ్లి వచ్చేది. ఇప్పుడు కొడుకు కారు పంపాలి. డ్రైవరు షాపులో ఉంటాడు.

"దాని డాబా మీద ఆరేసిన చీర కనపడతాది గానీ, అది కనపడదే బుల్లమ్మా," అంది ఆవిడ.

పల్లె ఆడవాళ్లకి గంప విషయంలో రెండు కట్టుబాట్లున్నాయి. బోణీ కాకుండా గంప నేలకి ఆనకూడదు. ఆనిందా, ఆ రోజు బేరం మునిగినట్టే. అందుకే ఆటో మీంచి గంప తిన్నగా నెత్తి మీదకే దిగుతుంది. రెండోది, గంపకి చెయ్యి వెయ్యమని అడిగితే ఎంతటివాళ్లూ కాదనకూడదు. పగవాళ్లయినా సరే, ముందు చెయ్యి వేసి ఎత్తాలి, తర్వాత కావాలంటే జుట్లు పట్టుకోవచ్చు.

పదకొండో రోజు పొద్దున్న ఆటో ఆలస్యమైంది. ఎనిమిదిన్నరకే ఎండ నెత్తి మాడుస్తోంది. ముందు రోజు టీచరుగారు కబురు పెట్టారు, పురిటికొచ్చిన కూతురు ప్రసవించింది, పాలసొర కావాలని. గంపలో పాలసొర ఉంది. బుల్లమ్మ బళ్లు కాసుకుని రెండు వరసలు దాటి డివైడర్ దాకా వచ్చేసింది, అక్కడ ఆగిపోయింది. కాళ్లు చుట్టూ తిరగమని చెబుతున్నాయి. పది రోజుల అలవాటు. అలా అలవాటైపోవడమే ఆమెకి భరించలేని సంగతి అయింది.

ఎవరైనా ఇటు గంప ఎత్తి అటు అందిస్తే తను కమ్మీ ఎక్కి దూకేయగలదు. చెయ్యి వెయ్యమని అడుగుదామని చుట్టూ చూసింది. రోడ్డు నిండా జనమే, అడగడానికి మాత్రం ఒక్క మనిషి లేడు. అందరూ అద్దాల వెనక ఉన్నారు, చేతులన్నీ స్టీరింగుల మీద ఉన్నాయి.

బుల్లమ్మ మోకాళ్ల మీద కూర్చుంది. రెండు చేతులతో అంచులు పట్టుకుని, మెడనరాలు లాగేస్తుంటే, గంపని తారు రోడ్డు మీదకి దించింది. బోణీ కాకుండా గంప నేలకి ఆనడం ఆమె పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.  లేచి, నడుం మీద చెయ్యి వేసుకుని గంప పక్కనే నిలబడింది.

మొదటి కారు కీచుమని ఆగింది. దాని వెనక ఇంకోటి, పక్క వరసలో దూరబోయిన బస్సు ఇరుక్కుంది, ఆ వెనక ఊరు ఊరంతా హారన్ కొట్టింది. మొదటి కారాయన రెండంగుళాలు అద్దం దించి తిట్టాడు. బుల్లమ్మ తిరిగి తిట్టలేదు. తిట్టడం రాక కాదు.

"ఒక్కలు దిగి సెయ్యెయ్యండి బాబూ. ఎల్లిపోతాను."

అద్దం పైకి లేచింది. రెండో కారు దగ్గరికి వెళ్లి అదే మాట చెప్పింది. మూడో కారు దగ్గరా అదే మాట. సెల్‌ఫోనులో వీడియో తీసినవాడున్నాడు, తల తిప్పుకున్నవాడున్నాడు, దిగినవాడు లేడు. ఆమె అడిగింది ఆస్తులు కాదు, అర నిమిషం చెయ్యి.

గంగరాజు బండేసుకుని వచ్చాడు. మూడు నిమిషాల్లో పైనుంచి రెండు ఫోన్లొచ్చాయట. తియ్యమ్మా, కేసైపోతాదని బతిమాలాడు, బెదిరించాడు.

"నువ్వే ఎయ్యి సెయ్యి. నువ్వూ గంప మోసిన తల్లికే పుట్టినావు గదా. పల్లె కట్టుబాటు తెల్దేటి నీకు?"

గంగరాజు చేతులు ముందుకొచ్చాయి, మళ్లీ వెనక్కి పోయాయి. డ్యూటీలో ఉన్న కానిస్టేబులే గంప ఎత్తి డివైడర్ దాటించాడంటే ఉద్యోగం ఉంటుందా? అతను తల దించుకున్నాడు. బుల్లమ్మకి అప్పుడు నిజంగా కన్నీళ్లొచ్చాయి. కార్లవాళ్లు దిగకపోతే కోపమొచ్చింది గానీ, ఇతను తమవాడు.

వెనక అయిదో కారు తలుపు తెరుచుకుంది. అందులోంచి పట్టుచీరతో మహాలక్ష్మమ్మ దిగింది. తల్లీకొడుకులు శ్రీకూర్మంలో దర్శనం చేసుకుని వస్తున్నారు. కొడుకు వెనకాలే దిగి, ఎండ, లోపల కూర్చో అంటున్నాడు. ఆవిడ వినకుండా ఆగిన కార్ల బోనెట్లు పట్టుకుంటూ నడిచి వచ్చి, ఏమైందని అడిగింది.

"సెయ్యెయ్యమని అడగతన్నానమ్మా. ఎవులూ దిగట్లేదు," అంది బుల్లమ్మ. అని, ఆవిడ వంగబోతుంటే గబుక్కున అడ్డం వచ్చింది. "మీరు ముట్టుకోకండమ్మగారూ, నీసు. గుడినించి వస్తన్నారు."

మహాలక్ష్మమ్మ పమిట నడుముకి దోపుకుంది.

"స్నానం చేస్తే పోయే నీసుకి అంత బెంగెందుకే. చెయ్యి వెయ్యమంటే వెయ్యకపోతే, అది ఏ స్నానానికీ పోదు. సీతారాం, అటు అంచు పట్టుకో."

సీతారామారావు ముందు కార్లవైపు చూశాడు, తర్వాత ఫోన్లు పట్టుకున్నవాళ్లవైపు, చివరికి తల్లివైపు చూశాడు. పెద్దావిడ అప్పటికే ఒక అంచు పట్టుకుంది. ఆవిడ ఎత్తలేదని అందరికీ తెలుస్తూనే ఉంది, వదలదని కూడా తెలుస్తోంది. ఆయన మొహం అటు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి పట్టుకున్నాడు. పుట్టాక చేపకి అంత దగ్గరగా రావడం అదే మొదలు. గంప కమ్మీల ఎత్తుకి లేచేసరికి ఐసునీళ్లు తెల్లచొక్కా మీద చారలు కట్టాయి.

అటు పక్క అందుకునేవాళ్లెవరు? గంగరాజు టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు. ఒక్క గెంతు గెంతి కమ్మీ దాటి, చేతులు చాపి గంప అందుకున్నాడు. ఉద్యోగం సంగతి తర్వాత చూసుకోవచ్చనుకున్నాడు కాబోలు. బుల్లమ్మ చీర ఎగదోపుకుని, యాభై ఎనిమిదేళ్ల వయసులో దిమ్మ ఎక్కి అటు దూకింది.

హమ్మయ్య అనుకుని సీతారామారావు వెనక్కి తిరిగాడు. తల్లి కదల్లేదు.

"నన్నూ అటు దించు," అంది.

"అమ్మా, కారుంది కదా. రెండు నిమిషాల్లో తిరిగొచ్చేస్తాం."

"రెండు నిమిషాలు నీ కారుకి. నాకు నలభై అడుగులు. నా ఇల్లు నాకు కనపడుతుంటే ఊరంతా తిరిగి రావడానికి నాకేం ఖర్మ? నేను కారెక్కను."

ఆయన బతిమాలాడు. ఆవిడ కమ్మీ పట్టుకుని నిలబడింది. చేసేదేముంది? కాలనీ సంఘం ప్రెసిడెంటుగారు తను ఉత్తరం రాసి కట్టించుకున్న డివైడర్ మీదికి, నడిరోడ్డున, కన్నతల్లిని తన చేతులతో ఎత్తవలసి వచ్చింది. అటు నుంచి బుల్లమ్మా గంగరాజూ ఆవిణ్ణి పువ్వులా దించుకున్నారు. బస్సులో ఎవరో చప్పట్లు కొట్టారు. హారన్లు ఆగిపోయాయి, అమ్మని ఎత్తుతున్నవాడి మీద హారన్ కొట్టే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

సీతారామారావు కమ్మీల అవతల నుంచే, మళ్లీ ఉత్తరం రాస్తాను, పది రోజులు ఓపిక పట్టు అన్నాడు. మాట మర్యాదగానే అన్నాడు, చొక్కా మాత్రం కంపు కొడుతోంది.

"రాయండి బాబూ. ఆ పది రోజులూ నాను ఇక్కడే గంప దించుతాను. ఎవులో ఒకలు దిగి సెయ్యెయ్యాల."

ఆ రోజు పాలసొరతో బోణీ అయింది గానీ బేరం నిజంగానే సగం మునిగింది. వేళ దాటిపోయింది కదా. సగం చేపలు వెనక్కి తెచ్చి ఉప్పు రాస్తుంటే, కట్టుబాటు తప్పినందుకేనే అని దాలయ్య దెప్పాడు. బుల్లమ్మ ఉప్పు ఇంకో గుప్పెడు వేసింది.

మర్నాడు ఎనిమిదింటికి అన్నట్టే గంప దించింది. ఆ మర్నాడూ దించింది. మూడో రోజు స్టేషనుకి రమ్మన్నారు. గంప ఎక్కడ పెట్టి వస్తుంది? గంపతోనే వెళ్లి, ఎస్సైగారి గదిముందు బెంచీ పక్కన పెట్టుకుని కూర్చుంది. కూర్చోబెట్టిన వాళ్లే గంట తిరక్కుండా ముక్కులు మూసుకుని పంపేశారు. ఎనిమిదింటికి ఆ రోడ్డున పోవద్దు, చేపలావిడ ఉంటుందని ఊళ్లో చెప్పుకోవడం మొదలైంది. కొందరు ఆ మాట విని వేరే దారిన పోయారు. ఒకరిద్దరు మాత్రం, ఎందుకో వాళ్లకే తెలియాలి, కారు పక్కకి ఆపి దిగి చెయ్యి వేశారు. అటు పక్క మహాలక్ష్మమ్మ ప్లాస్టిక్ కుర్చీ వేయించుకుని కూర్చునేది. ఆవిడ చెల్లెలు ఇటు పక్క నిలబడేది. అక్కాచెల్లెళ్లిద్దరూ కమ్మీలకి అటూ ఇటూ ఉండి మాట్లాడుకుంటుంటే, పనిమనుషులూ పాలవాళ్లూ కూడా బుల్లమ్మ వెనకాలే దిమ్మలెక్కి దాటడం మొదలుపెట్టారు.

తొమ్మిదో రోజు బుల్లమ్మ ఆటో దిగేసరికి కమ్మీలు కోసేసి ఉన్నాయి. దిమ్మలు రెండు తీసేసి, కారు తిరక్కుండా మధ్యలో మూడు గుంజలు పాతారు. మనిషి గంపతో సహా పట్టేంత సందు వదిలారు. రోడ్డు మీద తెల్లచారలు ఇంకా తడి ఆరలేదు. అటు పక్క సీతారామారావు ఉతికిన చొక్కా వేసుకుని, సంఘం పెద్దల్ని నలుగుర్ని వెంటబెట్టుకుని, ఫొటో తీసేవాడితో సహా నిలబడి ఉన్నాడు.

బుల్లమ్మ గంప నెత్తిన పెట్టుకుని చారల మీద నడిచింది. ఒక కారు ఆగింది. ఆమె ఆ కారు వైపు చూడలేదు, తొందరా పడలేదు. గుంజల మధ్యనుంచి వచ్చి సీతారామారావు ముందుకి చేరింది.

"చూశావా బుల్లమ్మా, మాట ప్రకారం తీయించేశాను," అన్నాడాయన.

ప్రెసిడెంటుగారికి ఒక దండం పెట్టవమ్మా, ఫొటో బాగుంటుంది అన్నాడు సంఘం పెద్దల్లో ఒకాయన. ఫొటో తీసేవాడు ఫోను ఎత్తి పట్టుకున్నాడు. బుల్లమ్మ గంప అంచు మీంచి చెయ్యి తియ్యలేదు.

"నా దారి నాకిచ్చినందుకు దండవేటి బాబూ? మూసినోళ్లు ముందు తప్పైపోనాదని అనాల గదా."

అని, ఆగకుండా, మొదటి వీధిలోకి నడిచిపోయింది.